జవాబుల పేజీ

నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత పుస్తకాల కొట్టు.
కాజా రసూల్ రెండు లెక్కల పుస్తకాలు దులిపి
పక్కపక్కన పెట్టాడు.
ఒకటే పేరు, రాసినవాళ్లూ వాళ్లే,
నడుమ పదహారేళ్లు.

కొత్తది చేతిలో నిలవదు, అంత నునుపు.
భిన్నాలకి పిజ్జా ముక్కలు,
ప్రతి పాఠం మొదట్లో
"సరదాగా చేద్దాం!" అనే చిలక.
నాలుగు వందల ఎనభై.

పాతదానికి అట్ట లేదు.
ఎవరో సిమెంటు సంచి కాగితం చుట్టి
గోనె దారంతో కుట్టారు.
డెబ్భై అన్నాడు, అరవై అన్నాడు,
నేనింకా నోరు తెరవకముందే.

ఐస్ ఫ్యాక్టరీలో తూకాలు రాస్తాను.
కౌంటు ముప్పయ్యా, నలభయ్యా,
రొయ్యని చూసి చెప్పేస్తాను.
పిల్లకి లెక్క చెప్పడం అట్లా కాదని
ఈ ఆర్నెల్లలో తెలిసింది.

ఆర్నెల్లయింది జెసింత బడి మానేసి.
ఏడెనిమిదులు యాభై నాలుగు అందని
ఆ యాభై నాలుగుని పలక మీద రాసి
మెళ్లో వేలాడదీశారు, సాయంత్రం దాకా.
ఇంటికొచ్చి అన్నం తింది, పడుకుంది,
మర్నాడు చెప్పులు వేసుకోలేదు.

కొత్తదాని వెనక పెద్దవాళ్లకి సూచనలున్నాయి.
అవి నాకు కావాలి.
నిలబడే చదివాను, నాలుగు పేజీలు.
పిల్లకి విసుగొస్తే కాసేపు ఆపమని ఉంది.
చెప్పే అమ్మకి విసుగొస్తే ఏం చెయ్యాలో
ఎక్కడా లేదు.

పాతదాంట్లో అంకణాలున్నాయి, పుట్లున్నాయి,
కొత్తదాంట్లో వాటి చోట చదరపు మీటర్లు.
అంకణమంటే మనకొకటి, తిరుపతిలో ఇంకోటి,
తీసేసి మంచి పనే చేశారేమో.
మా ఇల్లు మాత్రం ఇంకా అంకణాల్లోనే ఉంది.

నేనట్లా తూస్తుంటే
జెసింత కింద కూర్చుని
రెండు పుస్తకాలూ చివర్నించి తెరిచింది.
"అమా, ఇట్రా."

పద్నాలుగో లెక్క.
ఒక గొట్టం ఆరు గంటల్లో తొట్టి నింపుతుంది.
తూము ఎనిమిది గంటల్లో ఖాళీ చేస్తుంది.
రెండూ తెరిస్తే ఎప్పటికి నిండును?
జవాబుల పేజీలో: పద్నాలుగు గంటలు.
దాన్ని ఊదా సిరాతో అడ్డంగా కొట్టేసి
పి. విమలాకర్, ఆరో తరగతి బి,
ఇరవై నాలుగు అని రాసి
రెండు గీతలు గీశాడు.
పక్కన ఈనెల్లాంటి అంకెలతో మొత్తం చేసి చూపాడు.

కొత్త పుస్తకంలో ఇరవై నాలుగే ఉంది,
శుభ్రంగా,
ఎన్నడూ తప్పు పోనట్టు.

జెసింత వేలు పద్నాలుగు మీదే ఉంది.
"పుస్తకం మెళ్లో ఎవరూ పలక వెయ్యలేదా?"

కాజా రసూల్ నవ్వబోయి
నా మొహం చూసి మానుకున్నాడు.
యాభై తీసుకున్నాడు.
కొత్తదాన్ని మళ్లీ అరలో పెట్టేటప్పుడు
ఆ సూచనల కోసం ప్రాణం లాగింది, అబద్ధమెందుకు.

విడవలూరు బస్సులో కిటికీ సీటు తనది.
దారి పొడుగునా చెరువులు,
ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్నాయి.
కొన్ని ఆగి ఉన్నాయి.
"పొద్దున ఆరింటికి మోటారు వేస్తే
తొమ్మిదింటికి కరెంటు పోద్దిగా?"
పోద్ది, అన్నాను.
"తూము మూసేది ఎవరికి గుర్తుంటది?"
ఎవరికీ ఉండదు, అన్నాను.
ఇంకేం మాట్లాడలేదు, ఊరొచ్చేదాకా.

రాత్రి తను నిద్రపోయాక పుస్తకం తీశాను.
విమలాకర్ గీతల కింద మిగిలిన సందులో,
పెన్సిలుతో, చీమంత అక్షరాలు:
మా ఊళ్లో నిండదు. పదింటికి ఖాళీ.

తూకం చీటీ వెనక నేనూ చేశాను.
గంటకి ఇరవై నాలుగో వంతు.
మూడు గంటలకి ఎనిమిదో వంతు.
అది కారిపోవడానికి ఒక గంట.
మళ్లీ చేశాను, నా మీద నాకు నమ్మకం లేక.
పదే.

ఎర్ర పెన్ను తీసి టిక్కు పెట్టబోయి
పెన్సిలు వెతుక్కున్నాను.
తర్వాత ఎవరు కొనుక్కుంటారో,
వాళ్ల ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో.